ఏడు సెకన్ల యంత్రం చెడిపోయిన సంవత్సరం

ఆ సర్క్యులరు వచ్చేనాటికి మా పెళ్ళయి నలభై ఒక్క రోజులు. ఈ సంగతి కథకు అవసరం కనక చెబుతున్నాను. అవసరం లేకపోయినా చెప్పేదాన్నే.

నేను నీలాద్రిపేట ఎఫ్.ఎం. రేడియో కేంద్రంలో క్యాజువల్ అనౌన్సర్ని. క్యాజువల్ అంటే నెలకు ఆరు రోజులు ఉద్యోగం ఉంటుంది, మిగతా రోజులు ఉద్యోగం ఉందన్న నమ్మకం ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో నా మెట్టెల చప్పుడు మైకులోకి వస్తోందని ఇంజనీరింగ్ సెక్షన్ వారు మెమో ఇచ్చారు. అప్పట్నుంచి స్టూడియోలో మేజోళ్ళతో నడుస్తున్నాను. వాటి మీద పచ్చ కుందేళ్ళు ఉంటాయి. మా ఆయన బజారంతా తిరిగి ఏరిన కుందేళ్ళు. మెమో ఇచ్చినవారికి నేను రుణపడి ఉన్నాను.

మా ఆయన పేరు కిరీటి. డిగ్రీ చదివి, గంటస్తంభం దగ్గర మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నారు. మేమిద్దరం ఒకరినొకరు ఇప్పటికీ 'అండీ' అనే పిలుచుకుంటాం. పరిచయం ఫోన్‌లో, అదీ ఊరంతా వింటుండగా జరిగింది కాబట్టి మర్యాద అలవాటైపోయింది. "ఏమండీ, ఉప్పు అందిస్తారా?" అని ఆయన అడిగితే నేను, "తప్పకుండానండీ, లైన్లో ఉండండి" అంటాను. మా అత్తగారు మొదటి వారం కంగారుపడ్డారు. ఇప్పుడు అలవాటు పడ్డారు.

ఇక సర్క్యులరు. కేంద్రాలకు పాతికేళ్ళు నిండిన శుభసందర్భంలో, ప్రతి కేంద్రమూ తన శ్రోతలచేత ఓటు వేయించి, అత్యంత స్మరణీయమైన సంవత్సరాన్ని ఎన్నుకొని, ఆ ఏటి ముఖ్య కార్యక్రమాన్ని పునఃప్రసారం చేయవలెను. ఇదీ ఆజ్ఞ.

మా ఊళ్ళో తొమ్మిదివేల పద్నాలుగు ఓట్లు పడ్డాయి. అందులో తొమ్మిది వేలు ఒకే సంవత్సరానికి పడ్డాయి. మిగతా పద్నాలుగూ మా ఆఫీసు సిబ్బందివి.

ఆ సంవత్సరం మూడేళ్ళ కిందటిది. అప్పుడే నేను ఉద్యోగంలో చేరి 'మీ మాట మా చెవిన' అనే ఫోన్ ఇన్ కార్యక్రమానికి కూర్చున్నాను. రోజూ పొద్దున్న పదింటికి అరగంట; ఇంకెవరూ ఒప్పుకోక ఆ ఏడాదంతా నాకే వేశారు. శ్రోతలు ఫోన్ చేసి ఊరి సంగతులు మాట్లాడతారు. మా స్టూడియోలో ఒక యంత్రం ఉంది. ఫోన్‌లోనూ మైకులోనూ అన్న మాటను అది ఏడు సెకన్లు తన దగ్గర పెట్టుకొని, ఆ తర్వాతే గాలిలోకి వదులుతుంది. ఈ ఏడు సెకన్లలో పక్కన కూర్చున్న అధికారి ఎర్ర బొత్తాం నొక్కితే ఆ మాట పుట్టదు. నేను చేరిన రెండో రోజున ఆ యంత్రం చెడిపోయింది. దాంట్లో చిటికెన వేలంత విడిభాగం ఒకటి కావాలని రాశాం. అది రావడానికి సరిగ్గా ఒక సంవత్సరం పట్టింది.

ఆ ఒక్క సంవత్సరం నీలాద్రిపేట వాళ్ళు ఏమంటే అది వెంటనే నీలాద్రిపేటకు వినబడింది.

ఉదాహరణకు రెల్లివీధి నుంచి సింహాచలమ్మగారు ఫోన్ చేశారు. "వాటర్ ట్యాంకు ఎక్కి సూసినారా బాబూ ఎవులైనా? నాను ఎక్కినాను. అందల ఒక సెప్పు ఉంది. ఎడమది. కుడిది ఏటయిందో మునిసిపాలిటీ బాబులు సెప్పాల."

మునిసిపాలిటీ వెంటనే స్పందించి ట్యాంకు నిచ్చెన తీసేసింది.

ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఫోన్ చేశారు. "ఆరుంపావు బస్సు ఏడుంముప్పావుకి వస్తోందమ్మా. నాకేం బాధలేదు. కానీ నా సందేహం, ఏడుంముప్పావు బస్సు ఎక్కడుంది?" మర్నాటి నుంచి ఆ బస్సు బోర్డు మీద 'ఉదయం' అని మాత్రమే రాశారు.

ఇంకొకాయన, ఆసుపత్రి గోడ గడియారం నాలుగు గంటల దగ్గర ఆగిపోయిందనీ, డాక్టరుగారు దాన్ని చూసి "నాలుగయింది" అని ఇంటికి వెళ్ళిపోతారనీ, ఆ గడియారం పొద్దున్న తొమ్మిదికి కూడా నాలుగే చూపిస్తుందనీ చెప్పారు. గడియారం తీసేశారు. గోడ మీద దాని గుండ్రటి మరక మిగిలింది. డాక్టరుగారు ఇప్పుడు ఆ మరక చూసి వెళ్ళిపోతున్నారు.

పది గంటలకు ఊళ్ళో బేరాలు ఆగిపోయేవి. పిలుపులన్నీ ఊరికి నోటికొచ్చేశాయి. ఏడాది తర్వాత విడిభాగం వచ్చింది, యంత్రం బాగయింది, ఊళ్ళో సమస్యలన్నీ తీరిపోయాయి. అంటే, గాలిలోకి రావడం మానేశాయి. మా కేంద్ర సంచాలకులు కోదండపాణి గారు సమావేశం పెట్టి, "గత సంవత్సరం జరగనట్లుగా భావించవలెను" అన్నారు. మేం భావించాం.

ఇప్పుడు ఆ సంవత్సరానికే తొమ్మిది వేల ఓట్లు.

కోదండపాణి గారు నన్ను పిలిచారు. "విరజగారూ, కూర్చోండి. స్మరణ వేరు, జ్ఞాపకం వేరు. స్మరణ అనుమతితో జరుగుతుంది. జ్ఞాపకం అనుమతి లేకుండా వచ్చేస్తుంది. మన కేంద్రం మొదటిదే చేయాలి."

"అలాగే సార్."

"అందుచేత 'స్మరణీయ వత్సర పునఃప్రసార పరిశుద్ధి సంఘం' ఏర్పాటు చేస్తున్నాం. నేను అధ్యక్షుణ్ణి. మీరు రాతపని చూస్తారు. ఏ పిలుపులో ఎవరి ప్రస్తావన వచ్చినా వారి నుంచి నిరభ్యంతర పత్రం రావాలి. రాకపోతే ఆ భాగం తీసేస్తాం."

ఉత్తర్వు చేతికిచ్చారు. చివరి వాక్యం దగ్గర నా కాళ్ళలో కుందేళ్ళు బిగుసుకున్నాయి. 'పరిశుద్ధి ముగిసిన పిదప మూల ధ్వనిముద్రణలు యావత్తూ చెరిపివేయబడును.'

ఆ సంవత్సరపు ధ్వనిముద్రణల్లో నాది ఒకటుంది. రెండు వందల పదిహేడో నంబరు. జూలై నెల, మంగళవారం. నలభై ఏడు సెకన్లు.

కిరీటిగారు ఆ ఏడాది ప్రతి మంగళవారం ఫోన్ చేసేవారు. ఆయన షాపు ముందున్న వీధిదీపం పగలు వెలుగుతూ, చీకటి పడగానే ఆరిపోయేది. రెండో వారానికే దాన్ని బాగుచేశారు. మూడో వారం కూడా ఆయన ఫోన్ చేసి, "దీపం బాగానే వెలుగుతోందండీ, ఆ సంగతే చెబుదామని" అన్నారు. నాలుగో వారం, "ఇంకా వెలుగుతోందండీ" అన్నారు. అలా నలభై మూడు మంగళవారాలు దీపం బాగుంది.

రేడియోకి ఫోన్ చేసేవాళ్ళు పక్కన రేడియో గట్టిగా పెట్టుకుంటే, దాని శబ్దం ఫోన్‌లోంచి తిరిగి స్టూడియోకి వచ్చి 'కూ' అని పెద్ద కూత పెడుతుంది. అందుకే మేం ఎవరు ఫోన్ చేసినా ముందు చెప్పే మాట ఒకటే. "మీ రేడియో సౌండ్ తగ్గించండి." ఆ మంగళవారం కూత మరీ ఎక్కువగా ఉంది. నేను అన్నాను:

"కిరీటిగారూ, మీ రేడియో సౌండ్ తగ్గించండి."

"తగ్గించనండి."

"ఎందుకండీ?"

"తగ్గిస్తే మీ గొంతు ఒక్కసారే వినబడుతుంది."

తర్వాత పదకొండు సెకన్లు కూత ఒక్కటే ఉంది. యంత్రం పనిచేస్తుంటే ఎర్ర బొత్తాం పడేది. పనిచేయలేదు కాబట్టి ఊరంతా విన్నది. నాకు పెళ్ళయింది.

టేపుల గది చూసే ఖాదర్ గారు పదవీ విరమణకి రెండు నెలల దూరంలో ఉన్నారు. నేను ఎప్పుడైనా దిగులుగా కనబడితే ఏమీ అడగకుండా రెండు వందల పదిహేడు వేసేవారు. ఉత్తర్వు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మాయ్, కాపీ అడుగుతావేమో. పాతికేళ్ళలో నేను ఈ గదిలోంచి బయటికి పట్టుకెళ్ళింది నా క్యారేజీ ఒక్కటే. అదైనా గేటు దగ్గర మూత తీసి చూపించి వెళ్తాను."

"అడగనండీ ఖాదర్ గారూ." మా ఫోన్లు కూడా గేటు దగ్గరే పెట్టి రావాలి.

"మరైతే కాగితం తెచ్చుకో, పునఃప్రసారంలో మిగులుతుంది. నీ పిలుపులో దీపం బాగుందనే కదా ఉంది. అందరూ తిట్టిన సంవత్సరంలో మునిసిపాలిటీని మెచ్చుకున్నవాడు మీ ఆయన ఒక్కడే. వాళ్ళు పరుగున ఇస్తారు."

నిజంగానే పరుగున ఇచ్చారు. మర్నాడే, రెండు ప్రతుల్లో, సీలు వేసి. మిగతా శాఖల జవాబులు మాత్రం వేరుగా వచ్చాయి.

చెప్పు గురించి మునిసిపాలిటీ రాసింది: 'సదరు చెప్పు విషయమై నిరభ్యంతరం తెలుపుట, సదరు చెప్పును అంగీకరించుటతో సమానమగును.' బస్సు డిపో రాసింది: 'మా బస్సులు వేళకు నడుచుచున్నందున ఇట్టి ఫోను వచ్చియుండదు.' ఆసుపత్రి నుంచి జవాబు రాలేదు. వెళ్ళి అడిగితే, నాలుగయింది, రేపు రమ్మన్నారు.

ఎవరినీ ఏమీ అనని పిలుపులు కూడా ఉన్నాయి. ఒకామె తన పనసపొట్టు కూర ఎలా చేస్తుందో చెప్పింది. అందులో 'ఆవ దొరికితే' అన్నది. దొరక్కపోవచ్చన్న ధ్వని ఉందని పౌరసరఫరాల వారికి పంపించాం. ఇంకొకాయన ఫోన్ చేసి, "ఏం లేదమ్మా, ఊరికే" అన్నాడు. ఏం లేదు అనడం ఎవరిని ఉద్దేశించిందో తేలక, అన్ని శాఖలకూ ఒక్కొక్క ప్రతి పంపాం.

పత్రం రాని చోటల్లా కత్తిరించి, ఆ ఖాళీలో వీణ వాయించాలని సంఘం తీర్మానించింది. ఖాళీ వదలడానికి లేదు. రేడియోలో నిశ్శబ్దం అయిదు సెకన్లు దాటితే సంజాయిషీ రాయాలి.

నమూనాగా ఒక సోమవారం పొద్దున్న అరగంట ప్రసారం చేశాం. ఆ రోజు నాకు డ్యూటీ లేదు. కిరీటిగారు స్కూటరు మీద బస్‌స్టాండు దగ్గర హోటలుకి తీసుకెళ్ళారు. అక్కడ పెసరట్టు అంచు గాజులా విరుగుతుంది. ఆయన ఆ అంచంతా చుట్టూ విరిచి నా పళ్ళెంలో పెడతారు, మధ్య మెత్తటిది తను తింటారు. ఇలాంటి మనిషిని ధ్వనిముద్రణల్లోంచి చెరిపేస్తామంటున్నారు మరి.

హోటల్లో రేడియో పెట్టారు. సింహాచలమ్మగారి గొంతు వచ్చింది. "వాటర్ ట్యాంకు ఎక్కి..." వీణ. చక్కటి మోహన రాగం.

పెనం దగ్గర మనిషి అట్లకాడ ఎత్తి, "అందల ఒక సెప్పు ఉంది!" అన్నాడు.

"ఎడమది!" అని హోటలంతా అంది. బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు, చెయ్యి కడుక్కుంటున్నవాళ్ళు, పార్శిలు కట్టించుకుంటున్న కానిస్టేబులు గారు.

మాస్టారి గొంతు. "ఆరుంపావు బస్సు..." వీణ. రోడ్డవతల బస్సు కోసం నిలబడ్డవాళ్ళందరూ ఒక్కసారిగా, "ఏడుంముప్పావు బస్సు ఎక్కడుంది?" అన్నారు. 'ఉదయం' అని బోర్డున్న బస్సు అప్పుడే వస్తోంది. డ్రైవరు కూడా అన్నాడు.

కిరీటిగారు నా చెవి దగ్గర, "మీ కార్యక్రమం చాలా బాగుందండీ" అన్నారు.

వారం రోజుల్లో మా ఊళ్ళో వీణ అంటే అర్థం మారిపోయింది. వార్డు కౌన్సిలరు మైకు ముందు నిలబడితే వెనక ఎవరో నోటితో వీణ వాయించేవారు. సత్రంలో జరిగిన పెళ్ళిలో నిజం వీణ వాయించబోతే మగపెళ్ళివారు లేచి, "మావాడి గురించి ఏం దాస్తున్నారు?" అని నిలదీశారట. మునిసిపాలిటీ నుంచి అత్యవసర లేఖ వచ్చింది: 'మీ కేంద్రము ప్రసారము చేయు వీణానాదము మా శాఖను ఉద్దేశించినదేనని ప్రజలలో బలమైన నమ్మకము కలదు. కావున వీణకు సైతము మా నిరభ్యంతరము లేదు.'

కోదండపాణి గారు ఆ లేఖను రెండుసార్లు చదివారు. "వేణువు పెడదామా?"

"వేణువు అయితే ఆసుపత్రి వాళ్ళు తమదేమో అనుకుంటారు సార్" అన్నాను. నేను వేళాకోళానికి అన్నాను. ఆయన మినిట్స్‌లో రాసుకున్నారు.

దాంతో వీణ పోయింది. నిశ్శబ్దం నిషిద్ధం. ఇక మిగిలింది ఒకటే దారి. పత్రం రాని శ్రోతల మాటలు పూర్తిగా తీసేసి, మిగిలిన ముక్కల్ని ఒకదానికొకటి అతికించడం. రెండు వందల పదిహేడు తప్ప మిగిలినవన్నీ నా మాటలే. వాటినీ సంఘం పరిశీలించింది.

"'అయ్యో' ఉండకూడదు" అన్నారు కోదండపాణి గారు. "అది సానుభూతి. కేంద్రం పక్షం వహించినట్లు."

"అలాగే సార్."

"'అవునా?' ఉండకూడదు. అనుమానం. 'సరేనండి' అసలే వద్దు. అంగీకారం. 'భోజనం చేశారా?' అని ఎందుకు అడిగేవారు మీరు?"

"మర్యాదకి సార్."

"చేయలేదంటే ఎవరు బాధ్యులు?"

తీసేశాం. 'హలో' మీద గంటన్నర చర్చ జరిగింది. 'హలో' అంటే అవతల ఎవరో ఉన్నారని అర్థం వస్తుంది కనక తీసేశాం.

నేను మాత్రం లోపల్లోపల ధైర్యంగానే ఉన్నాను. రెండు వందల పదిహేడుకి మునిసిపాలిటీ పత్రం ఉంది. కూతకి ఇంజనీరింగ్ వారు సంతకం పెట్టారు. ఇక ఆ పిలుపులో పత్రం కావలసింది ఒకే ఒక్క వస్తువుకి. నా గొంతుకి. నా గొంతు తరఫున నిరభ్యంతర పత్రం నేనే రాసి, నేనే సంతకం పెట్టి, నాకే సమర్పించుకున్నాను.

కోదండపాణి గారు దాని మీద వేలు పెట్టారు. "కేంద్రం మనిషిని కేంద్రం మనిషి బంధువు పొగడకూడదు. నియమావళి పదకొండు."

"అప్పుడు బంధువు కాదు సార్."

"నిరూపించండి. సదరు తేదీన మీ ఇద్దరికీ ఏ సంబంధమూ లేదని తహసీల్దారు కార్యాలయం నుంచి ధ్రువపత్రం తెండి. పిలుపు ఉంటుంది. నాకేం వ్యక్తిగతం కాదు విరజగారూ. నేనూ విన్నాను ఆ రోజు." ఎందుకో కిటికీ వైపు తిరిగారు. "మా ఇంట్లో ఆవిడ కూడా విన్నారు. వారం రోజులు నన్ను రేడియో సౌండ్ తగ్గించనివ్వలేదు."

తహసీల్దారు ఆఫీసులో పైడిరాజు గారని సీనియర్ అసిస్టెంటు. మమ్మల్ని చూసి చిరునవ్వు నవ్వారు. "కొత్త జంటా? కుటుంబ సభ్యుల ధ్రువపత్రమా?"

"సంబంధం లేనట్టు కావాలండి" అన్నాను.

చిరునవ్వు ఆగిపోయింది. "విడాకులైతే కోర్టుకెళ్ళాలమ్మా. అప్పుడే ఏమొచ్చింది మీకు?"

"విడాకులు కాదండీ, ఇప్పుడు సంబంధం ఉంది. ఆ తేదీకి లేదని కావాలి" అన్నారు కిరీటిగారు.

"అలాంటి ఫారం లేదు బాబూ. ఉన్నట్టుకి ఉంది. సరే, దాన్నే కొట్టేసి రాద్దాం. ఏ తేదీ వరకూ మీ ఇద్దరికీ ఏమీ లేదు?"

"నవంబరు ఇరవై తొమ్మిది" అన్నాను నేను. ఆ రోజు ఆయన మొదటిసారి మా కేంద్రం గేటు దగ్గరికి వచ్చి, చెడిపోయిన మా పంపు మోటారు కోసం వచ్చానని చెప్పారు. మా కేంద్రంలో పంపు మోటారు లేదు.

కిరీటిగారు ఫారాన్ని వెనక్కి జరిపారు.

"చెప్పండి బాబూ" అన్నారు పైడిరాజు గారు.

"నేను అబద్ధం సంతకం పెట్టలేనండీ." నా వైపు చూడకుండా అన్నారు. "మొదటి వారం మొదటి ఫోనులోనే ఈవిడ 'లైన్లో ఉండండి' అన్నారు. నేను అప్పట్నుంచీ ఉన్నాను."

ప్రభుత్వ కార్యాలయంలో, పాత ఫైళ్ళ మధ్య, ఇరవై మంది కుల ధ్రువపత్రాల కోసం నిలబడి ఉండగా నాకు ఈ సంగతి తెలిసింది. నేను నవంబరు ఇరవై తొమ్మిది కోసం వాదించదలచుకోలేదు.

పైడిరాజు గారు కలం కింద పెట్టేశారు. అయినా మంచిమనిషి. "పోనీ సాక్షులెవరైనా ఉన్నారా? ఆ తేదీకి మీ మధ్య ఏమీ లేదని తెలిసినవాళ్ళు ఇద్దరు?"

కిరీటిగారి పక్క షాపు సైకిళ్ళ సన్యాసినాయుడు గారిని అడిగాం. ఆయన ట్యూబులో గాలి కొడుతూనే, "ఏటి బాబూ, నా సేత దొంగసాక్షి పెట్టిస్తావేటి?" అన్నారు. "దీపం బాగయిపోనాక కూడా మంగళారం మంగళారం ఫోనెట్టుకుని కూకుంటే మాకు తెల్దేటి? ఊరందరికీ తెల్సు. ఆయమ్మకే ఆలీసంగా తెల్సింది." ఊళ్ళో ఇంకెవరిని అడిగినా అదే మాట. తొమ్మిదివేల ఓట్లు వేసిన ఊళ్ళో, మాకు సంబంధం లేదని చెప్పే మనుషులు ఇద్దరు దొరకలేదు.

శుక్రవారం సాయంత్రం ఖాదర్ గారు ఆ సంవత్సరాన్ని చెరిపేశారు. చెరిపే ముందు నన్ను పిలిచి, రెండు వందల పదిహేడు ఒక్కసారి వేశారు. నలభై ఏడు సెకన్లు. ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత రిజిస్టరు నా ముందుకు జరిపి, "ఇక్కడ సంతకం పెట్టమ్మాయ్, విన్నట్టు కాదు, చెరిపినట్టు" అన్నారు. పెట్టాను. ఇంటికెళ్ళి మేజోళ్ళు విప్పాను. కిరీటిగారు ఆ కుందేళ్ళు ఉతికి ఆరేశారు.

నూట యాభై గంటల సంవత్సరంలోంచి చివరికి పదమూడు నిమిషాలు మిగిలింది. ఏ శాఖకూ అభ్యంతరం లేని వాక్యం ఒకే ఒక్కటి తేలింది. అది సలహా. శాంతిని పెంపొందించేది. అందులో ఎవరి ప్రస్తావనా లేదు.

ఉత్సవం రోజు పదింటికి నేను స్టూడియోలో కూర్చున్నాను. పక్కన కోదండపాణి గారు, పట్టు కండువాతో. బాగుపడిన ఏడు సెకన్ల యంత్రానికి బొట్టు పెట్టి, మల్లెపూల దండ వేశారు. నేను మైకు తెరిచి, "శ్రోతలకు నమస్కారం. మీరు ఎన్నుకున్న అత్యంత స్మరణీయ సంవత్సరం ఇప్పుడు వినండి" అన్నాను.

ఊరు విన్నది.

"మీ రేడియో సౌండ్ తగ్గించండి." "మీ రేడియో సౌండ్ తగ్గించండి." "మీ రేడియో సౌండ్ తగ్గించండి."

మూడు వందల పన్నెండు సార్లు. ఎండాకాలం గొంతుతో, జలుబు గొంతుతో, ఒకచోట నవ్వాపుకుంటున్న గొంతుతో. ఊరు మొదట అర్థం కాక చూసింది. తర్వాత, మా ఊరివాళ్ళు మంచివాళ్ళు కదా, తగ్గించారు. హోటల్లో తగ్గించారు, సెలూన్లో తగ్గించారు, బస్సులో తగ్గించారు. పదో నిమిషానికి నీలాద్రిపేటలో ఏ రేడియో వినబడలేదని, ఉత్సవం కోసం బయట నియమించిన పరిశీలకులు ఫోన్ చేసి చెప్పారు.

"అంటే ఒక్క ఫిర్యాదూ లేదన్నమాట" అన్నారు కోదండపాణి గారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

సర్క్యులరు ప్రకారం చివర్లో ఒక్క ఫోన్ తీసుకోవాలి. శ్రోతల అభినందన. కోదండపాణి గారు చూపుడువేలు ఎర్ర బొత్తాం మీద పెట్టుకున్నారు. ఆ బొత్తాం నొక్కితే రిజిస్టరులో రాయాలి. ఏ సమయం, ఏ మాట, ఏ శాఖను కించపరిచినది.

ఫోను మీది దీపం వెలిగింది. తీశాను.

"నమస్కారమండీ. మోటార్ వైండింగ్ షాపు కిరీటినండి, గంటస్తంభం దగ్గర్నుంచి."

నా నోట్లోంచి అలవాటు మాట వచ్చేసింది. "మీ రేడియో సౌండ్ తగ్గించండి."

"తగ్గించనండి."

కోదండపాణి గారు నా వైపు చూశారు. నేను అడిగాను, "ఎందుకండీ?"

"అప్పుడైతే రెండుసార్లూ ఒకేసారి వినబడేవారు. ఇప్పుడు యంత్రం బాగయింది కదా. ముందు ఫోన్లో వినబడతారు. ఏడు సెకన్లు ఎదురుచూస్తే మళ్ళీ వినబడతారు. ఇదే బాగుందండీ."

ఏడు సెకన్లు. కోదండపాణి గారి వేలు బొత్తాం మీదే ఉంది. ఫిర్యాదా? కాదు. పొగడ్తా? యంత్రాన్ని పొగిడాడు. యంత్రం బంధువు కాదు. ఆయన రిజిస్టరు తెరిచారు. 'ఏ శాఖను కించపరిచినది' అన్న గడి దగ్గర కలం ఆగింది. మునిసిపాలిటీ? కాదు. బస్సులా? కాదు. ఆసుపత్రి? నాలుగు కూడా కాలేదు. ఆయన పెదవులు ఒక్కొక్క శాఖ పేరూ పలికి చూశాయి. తర్వాత, నేను ఆయన కింద పనిచేసిన మూడేళ్ళలో మొదటిసారి, ఆయన వేలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

అప్పుడు ఫోన్‌లోంచి, మోటారు తీగల చుట్టల మధ్య ఎక్కడో మోగుతున్న రేడియోలోంచి, నా గొంతు నాకు వచ్చింది. మీ రేడియో సౌండ్ తగ్గించండి. ఇంకో ఏడు సెకన్లకి మళ్ళీ, సన్నగా. దాని వెనక ఇంకోసారి, ఇంకా సన్నగా.

అద్దం అవతల ఖాదర్ గారు ధ్వనిముద్రణ యంత్రం దగ్గర నిలబడి ఉన్నారు. ఉత్సవ ప్రసారం భద్రపరచాలని సర్క్యులరులోనే ఉంది. పరిశుద్ధి ఉత్తర్వు ఆ స్మరణీయ సంవత్సరానికే వర్తిస్తుంది. ఈ సంవత్సరం ఇంకా స్మరణీయం కాలేదు. ఆయన చీటీ మీద నంబరు రాసి, నాకు కనబడేలా అద్దానికి ఆనించి పట్టుకున్నారు. ఒకటి.

నీలాద్రిపేట కేంద్రానికి ఉత్తమ స్మరణ బహుమతి వచ్చింది. మళ్ళీ ఉత్సవం ఇంకో పాతికేళ్ళకి. అప్పుడు ఎవరైనా ఈ ఏడాదికి ఓటు వేస్తే, నిరభ్యంతర పత్రాలు మళ్ళీ అడుగుతారు. అందుకని మేం ఇద్దరం ముందుగానే రాసి, సంతకాలు పెట్టి, బీరువాలో పెళ్ళి చీర మడతలో పెట్టాం. తేదీ ఒక్కటే ఖాళీ వదిలాం.